లోతుగా పాతితే చెట్టు పడదా? పెరటి పండ్ల మొక్కలపై అపోహలు - వాస్తవాలు

అపోహ: మొక్కను ఎంత లోతుగా పాతితే గాలివానకు అంత గట్టిగా నిలబడుతుంది.

వాస్తవం: అంటు మొక్కను లోతుగా పాతడం ఏ నేలలోనూ మంచిది కాదు. మన గోదావరి డెల్టాలో అయితే అది నిలబడదు సరికదా, మొదలు కుళ్ళిపోతుంది.

పెరటి తోటలు వేయడం, కత్తిరించడం నా పని. వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ఈ మాట చెబుతాను. మొహమాటానికి తలూపుతారు. నేను గేటు దాటగానే ఇంకో బుట్టెడు మట్టి మొదట్లోకి ఎగదోస్తారు.

వాళ్ళ భయం నాకు తెలియనిది కాదు. 1996 నవంబరు 6 తుఫానుకి కోనసీమలో కొబ్బరి తోటలు ఎలా నేలమట్టమయ్యాయో చూసినవాళ్ళు మబ్బు కమ్మితే చాలు, పెరట్లో చెట్టు వంకే చూస్తారు. కానీ మొక్కని లోతుగా పాతినంత మాత్రాన వేరు లోతుకు పోదండి. వానాకాలంలో పల్లపు పెరళ్ళలో రెండు మూడు అడుగులు తవ్వితేనే నీళ్ళు ఊరతాయి. నీళ్ళు నిలిచిన మట్టిలో వేరుకు గాలి ఆడదు, చచ్చిపోతుంది. మీటరు లోతు గొయ్యి ఎర్ర నేలలకు బాగుంటుంది. మన జిగట ఒండ్రులో ఆ గొయ్యి తీసి ఇసుక, ఎరువు నింపారంటే చుట్టుపక్కల నీళ్ళన్నీ వచ్చి అందులోనే కూర్చుంటాయి.

మనకి కావలసింది దిబ్బ. అడుగున్నర ఎత్తు, నాలుగైదు అడుగుల వెడల్పు చాలు. పక్కన బోదె తీసి ఆ మట్టే ఎత్తితే నీళ్ళు పోయే దారి కూడా ఏర్పడుతుంది. కవర్లో మట్టి ఎంతవరకు ఉందో దిబ్బ మీదా అంతవరకే పాతండి. అంటు కట్టిన చోటు పైకి కనబడుతూ ఉండాలి. రెండేళ్ళ పాటు వెదురు కర్ర పాతి, పాత చీర పీలికతో వదులుగా కట్టండి.

పోయిన శ్రావణంలో అమలాపురం దగ్గర ఒక రిటైరైన మాస్టారింటికి వెళ్ళాను. బంగినపల్లి అంటు, ఆకులు పాలిపోయి చిగురు ఆగిపోయింది. ఒకరు చెప్పారని యూరియా వేశారు, ఇంకొకరు చెప్పారని జింకు కొట్టారు. 'నా చేత్తో పెడితే ఏదీ బతకదండి' అని ఒకటే దిగులు. వేళ్ళతో మట్టి తీస్తే బెత్తెడు లోతున అంటు దొరికింది. నర్సరీలో చుట్టిన ప్లాస్టిక్ పట్టీ అలాగే ఉంది, బెరడులోకి కోసుకుపోయి. దాని కింద గోటితో గీరితే బెరడు తడితడిగా ఊడొచ్చింది. ఒక పక్క ఇంకా పచ్చగా ఉంది కాబట్టి బతికింది. మట్టి లాగేసి, పట్టీ కోసేసి, కుళ్ళు గీకి బోర్డో పేస్టు పూశాం. మైలుతుత్తం 100 గ్రాములు, సున్నం 100 గ్రాములు, లీటరు నీళ్ళు. ప్లాస్టిక్ బకెట్లో ఏరోజుకారోజు కలుపుకోవాలి. బెరడు చుట్టూ నల్లబడితే మాత్రం ఏ మందూ పనిచేయదు, పీకేయడమే.

మరి గాలి సంగతో? చెట్టును పడగొట్టేది పైన పెరిగిన గుబురు. ముప్ఫై అడుగుల మామిడి తెరచాపలా గాలి పట్టేస్తుంది. పన్నెండు, పదిహేను అడుగుల్లో ఆపి, నడిమి గుబురు పలచన చేస్తే గాలి లోపలి నుంచి వెళ్ళిపోతుంది. మొక్క రెండున్నర అడుగులు ఎదగగానే తల తుంచి, మూడు నాలుగు కొమ్మలు తలో దిక్కుకి వదిలితే చెట్టు పొట్టిగా, బలంగా తయారవుతుంది.

ఇక్కడే ఇంట్లో పెద్దావిడ చెట్టుకి అడ్డం నిలబడతారు: 'కాసే చెట్టు మీద కత్తి పెట్టకు బాబూ!' ఆవిడ అనుభవం అబద్ధం కాదు. దసరా సెలవుల్లో కొమ్మలు కొట్టించి ఉంటారు, సంక్రాంతికి పూతకి బదులు ఎర్ర చిగురు వచ్చి ఉంటుంది. మామిడి కొమ్మల్ని కాయ దిగగానే, జూన్, జూలైల్లో కోయాలి. అప్పుడు వచ్చిన చిగురు ముదిరి, డిసెంబరు, జనవరిల్లో పూతకి సిద్ధంగా ఉంటుంది. లావు కొమ్మైతే ముందు కింద నుంచి కాస్త కోసి, తర్వాత పైనుంచి కోయండి. లేకపోతే బెరడు మాను దాకా చీలిపోతుంది.

జామకి ఈ బెంగే అక్కర్లేదు, అది కొత్త చిగురుకే కాస్తుంది. సీతాఫలం ఆకు రాల్చాక కత్తిరించండి. నిమ్మకి ఎండు పుల్లలు తీస్తే చాలు. సపోటా జోలికి పెద్దగా పోకండి. పనస కాసేది మాను మీద, లావు కొమ్మల మీద, వాటిని ముట్టుకోవద్దు.

మేకు కొడితే చెట్టు కాస్తుందంటారు. కొట్టకండి, అంతే. పెరట్లో నాలుగు చెట్లకి కల్టార్ (పూత రప్పించడానికి వేసే మందు) ఎందుకో నాకైతే అర్థం కాదు.

'తియ్య మామిడి అని ఇచ్చి పుల్లది అంటగట్టారు' అని నర్సరీవాళ్ళతో గొడవకి వెళ్ళేముందు ఒకసారి చెట్టు మొదట్లో చూడండి. అంటు కింద ఉండేది టెంక నుంచి మొలిచిన వేరే మొక్క; దాని నుంచి లేచిన కొమ్మ పైన కట్టిన తియ్య మామిడిని మింగేసి, తనే చెట్టై కూర్చోవడం నేను చాలాసార్లు చూశాను. అంటు మట్టిలో పూడిపోతే ఆ చిగురు ఎక్కడిదో కూడా తెలియదు. లేతగా ఉన్నప్పుడే వేలితో మొదలంటా విరిచేస్తే సరిపోతుంది. కత్తెరతో పైపైన కోస్తే ఒకటికి నాలుగు లేస్తాయి.