లేక్‌వుడ్ గొడవ మళ్ళీ లేచింది, కానీ అసలు మలుపు మాస్క్ దగ్గర లేదు

'స్క్రీమ్' సినిమా కొత్తది వచ్చినప్పుడల్లా ఎంటీవీ తీసిన 'స్క్రీమ్' సిరీస్ మీద పాత పంచాయితీ లేస్తుంది, ఇప్పుడూ అదే నడుస్తోంది. సినిమాల్లో హంతకుడు పెట్టుకునే ఒరిజినల్ మాస్క్ లేనప్పుడు ఆ పేరు ఎందుకు వాడుకున్నారని ఒక వర్గం, మాస్క్ సంగతి తర్వాత, మొదటి రెండు సీజన్లు జరిగిన లేక్‌వుడ్ ఊరి కథని మధ్యలో ఎందుకు వదిలేశారో ముందు చెప్పండని ఇంకో వర్గం. కథ మొదట్లో వచ్చే నీనా హత్య, ఆడ్రీ, రేచల్‌ల వైరల్ వీడియో, ఒకప్పుడు మాస్క్ వేసుకుని హత్యలు చేశాడని ఊరంతా చెప్పుకునే బ్రాండన్ జేమ్స్ ఫ్లాష్‌బ్యాక్ ఇవన్నీ అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోవట్లేదు. ఇంకా చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి, కింద హంతకుల పేర్లు ఉన్నాయి.

నా దృష్టిలో అంతా తిరిగింది 2015 సెప్టెంబర్ 1న వచ్చిన మొదటి సీజన్ ఆఖరి ఎపిసోడ్‌లో. (ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్ల లిస్టులో ఉన్న, మొదటి 'స్క్రీమ్' సినిమా తీసిన డైరెక్టర్ వెస్ క్రేవెన్ సరిగ్గా రెండ్రోజుల ముందే పోయారు.) పాడ్‌కాస్ట్ చేసే పైపర్ షా హంతకురాలని తేలింది, హీరోయిన్ ఎమ్మా వాళ్ళమ్మ మ్యాగీకి బ్రాండన్ జేమ్స్‌కి పుట్టిన కూతురు, అంటే ఎమ్మాకి అక్క అవుతుంది. చెరువు దగ్గర ఎమ్మా ఫ్రెండ్ ఆడ్రీ పైపర్‌ని కాల్చి ఎమ్మాని కాపాడింది, మామూలు స్లాషర్ (ఒక్కొక్కళ్ళనీ చంపుకుంటూ పోయే హంతకుడి కథ) అయితే కథ అక్కడితో సరి. కానీ ఆ తర్వాత ఒక చిన్న సీన్ పెట్టారు, ఆడ్రీ ఒంటరిగా కూర్చుని పైపర్‌తో తను నడిపిన ఉత్తరాలని కాల్చేస్తుంది. డైలాగ్ పెద్దగా లేదు, కాగితాలు కాలుతుంటే చూసే మనకి మాత్రం అర్థమైపోతుంది, ఇన్నాళ్ళూ ఎవరిని నమ్మామో వాళ్ళ దగ్గరే ఒక రహస్యం ఉందని.

దీనికి ఇంత ప్రాముఖ్యం ఎందుకంటే మొదటి ఎపిసోడ్‌లోనే వీళ్ళ ఫ్రెండ్ నోవా క్లాసులో చెప్తాడు, స్లాషర్‌ని టీవీ సిరీస్‌గా తీయడం కుదరదని, సినిమా ఐతే చకచకా చంపుకుంటూ పోయి ముగించేస్తుంది, సిరీస్ సాగాలి అని. ఆ మాట నిజమే. శవాల లెక్క మీద పది ఎపిసోడ్లు లాగడమే కష్టం, రెండో సీజన్ సంగతి చెప్పక్కర్లేదు. ఉత్తరాల సీన్‌తో రచయితలు ఆ ఇబ్బందికి దారి కనుక్కున్నారు, హంతకుడు ఎవరనే ప్రశ్న కంటే బతికి బయటపడ్డవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు నమ్మగలరా అనేది పెద్ద ప్రశ్న అయ్యింది.

2016లో వచ్చిన రెండో సీజన్ మొత్తం దాని మీదే నడిచింది. ఎమ్మా కొన్ని నెలలు ట్రీట్‌మెంట్ తీసుకుని ఊరికి తిరిగొస్తుంది, కానీ పీడకలలు వదల్లేదు, పందుల ఫారం ఒకటి పదేపదే కళ్ళముందు కనిపిస్తుంది, తను చూసేది నిజమో కాదో తనకే డౌట్. హంతకుడికి కావాల్సిందీ అదే, ఆమె భయాన్నే ఆమె మీదకి తోలుతాడు. ఇటు ఆడ్రీ, పైపర్‌ని ఈ ఊరికి రప్పించింది తనే. హత్యలు జరుగుతాయని తనకి తెలీదు, డాక్యుమెంటరీ కోసం అనుకుంది, కానీ ఆ ముక్క ఎమ్మాకి చెప్పలేక అబద్ధం మీద అబద్ధం పేర్చుకుంటూ పోతుంది, ఆ అబద్ధాలు పట్టుకుని హంతకుడు బ్లాక్‌మెయిల్ చేస్తాడు. ప్రేమించిన రేచల్‌ని పోగొట్టుకున్న పిల్ల అది, వీడియో గొడవలో ఎమ్మా పాత్ర కూడా ఉందని తెలిసిన పిల్ల, కాబట్టి ఆడ్రీని అనుమానించడానికి మనకీ కారణాలు బాగానే ఉంటాయి. చివరికి ఎమ్మా బాయ్‌ఫ్రెండ్ కీరన్ పైపర్‌తో కలిసి ఈ పనులు చేశాడని బయటపడేసరికి, అప్పటికే పోలీసులు వెతికేది ఎమ్మాని ఆడ్రీనే! ఎమ్మాకి అందరికంటే దగ్గరగా ఉండి, ధైర్యం చెప్పిన అబ్బాయే ఆమెని ఇరికించాడు. టీనేజ్ పిల్లలకి ట్రామా తర్వాత నమ్మకం ఎలా పాడైపోతుందో చూపించడంలో ఈ సీజన్ చాలా సినిమాల కంటే నిజాయితీగా ఉందని నా అభిప్రాయం.

మాస్క్ వర్గం మాట కూడా చెప్పాలి. 1996 సినిమాలో వాడిన మాస్క్ ఫన్ వరల్డ్ అనే కంపెనీది, సిరీస్ వేరే మాస్క్‌తో మొదలైంది, సర్జరీ తర్వాత కట్టే కట్టులా ఉండేది, బ్రాండన్ జేమ్స్ కథకి అతికినట్టు సరిపోయింది. అది స్క్రీమ్‌లా లేదు అంటే ఒప్పుకుంటా, కానీ సిరీస్ ఆగిపోయింది దానివల్లే అంటే మాత్రం ఒప్పుకోను.

ఎందుకంటే రెండో సీజన్ ఆఖర్లో, జైల్లో ఉన్న కీరన్‌కి ఫోన్ వస్తుంది, నా మాస్క్ ఎవరు పెట్టుకోమన్నారని అవతలి గొంతు అడుగుతుంది, తర్వాత 2016 అక్టోబర్ 18న వచ్చిన హాలోవీన్ స్పెషల్‌లో బ్రాండన్ జేమ్స్ మాస్క్‌లో ఎవరో వచ్చి అతన్ని చంపేస్తారు. అంటే కథ తర్వాతి మెట్టుకి రెడీగా ఉంది. మూడో సీజన్ ఓకే అయ్యింది కూడా, కాకపోతే ఆరు ఎపిసోడ్లే, కొత్త టీమ్, కొత్త ఊరు అట్లాంటా, కొత్త పిల్లలు. 2017లో సిరీస్ నిర్మాణంలో ఉన్న వైన్‌స్టీన్ కంపెనీ కుప్పకూలాక అది కూడా మూలన పడి, ఆఖరికి 2019 జులై 8, 9, 10 తేదీల్లో ఎంటీవీలో కాకుండా వీహెచ్1 ఛానెల్లో మూడు రాత్రుల్లో మొత్తం వేసేశారు. మాస్క్ వర్గం అడిగిన మాస్క్ వచ్చింది, సినిమాల్లో హంతకుడికి గొంతిచ్చిన రోజర్ ఎల్. జాక్సన్ వచ్చారు. ఈ సీజన్ హీరో డియాన్ కథలో కవల అన్నదమ్ముల మధ్య దాచిన తప్పు ఉంది, మంచి ఐడియానే, ఆరు ఎపిసోడ్లలో దానికి ఊపిరి తీసుకునే టైమే లేదు.

కాబట్టి మాస్క్ ఉంటే సిరీస్ నిలబడేది అనేవాళ్ళకి 2019 సీజనే జవాబు. మాస్క్ ఇచ్చి చూశారు, అయినా దాని తర్వాత ఇంకో సీజన్ రాలేదు. లేక్‌వుడ్ వర్గం అడిగేది చాలా చిన్న విషయం, జైలుకి వచ్చింది ఎవరు, ఆడ్రీని ఎమ్మా పూర్తిగా క్షమించిందా. ఈ రెండింటికీ జవాబు రాసే అవకాశం ఛానెల్ చేతిలో ఉండింది, వాళ్ళు రీబూట్ ఎంచుకున్నారు.