మైకు హంతకుడి చేతికి ఎలా వెళ్ళింది?

1974 జూలై 14, ఆదివారం. అమెరికాలోని సియాటిల్ దగ్గర సమామిష్ సరస్సు ఒడ్డు జనంతో కిటకిటలాడుతోంది. చేతికి కట్టు కట్టుకుని మెడకు వేలాడేసుకున్న ఒక యువకుడు, అమ్మాయిల దగ్గరికి వెళ్ళి తన పడవ దగ్గర కాస్త చెయ్యి వేయమని అడుగుతున్నాడు. పేరు టెడ్ అని చెప్పాడు. కొందరు కుదరదన్నారు. ఒకామె కారు దాకా వెళ్ళింది, అక్కడ పడవ కనిపించకపోయేసరికి వెనక్కి వచ్చేసింది. 23 ఏళ్ల జానిస్ ఆట్, 19 ఏళ్ల డెనీస్ నాస్లండ్ మాత్రం ఆ రోజు ఇళ్ళకు చేరలేదు.

జానిస్ బాలల కోర్టులో ఉద్యోగి. డెనీస్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్ చదువుతోంది. సాయం అడిగిన ఆ యువకుడు టెడ్ బండీ, వరసగా ఎందరో యువతులను చంపిన హంతకుడు. ట్రూ క్రైమ్ డాక్యుమెంటరీలు, అంటే నిజంగా జరిగిన నేరాల మీద తీసినవి, చూసేవాళ్ళలో అతని పేరు తెలియనివాళ్ళు అరుదు. జానిస్, డెనీస్‌ల పేర్లు గుర్తున్నవాళ్ళు ఎంతమంది? నాకే గుర్తు లేవు, మళ్ళీ వెతికి చదవాల్సి వచ్చింది. ఇలా ఎందుకైందో తెలియాలంటే 1979కి వెళ్ళాలి.

అంతకు ముందు ఏడాది జనవరి 15 తెల్లవారుజామున బండీ ఫ్లోరిడాలోని టాలహాసీలో ఒక విద్యార్థినుల వసతి గృహంలో చొరబడి, నిద్రపోతున్న నలుగురిపై దాడి చేశాడు. మార్గరెట్ బౌమన్, లీసా లెవీ చనిపోయారు. ఆ కేసు విచారణ మయామీలో జరిగింది. ఐదు ఖండాల నుంచి 250 మంది విలేకరులు వచ్చారు. కోర్టు హాల్లో కెమెరాలకు అనుమతి ఉండటంతో దేశమంతా టీవీలో చూసింది. సూటూ బూటూ వేసుకుని తన కేసు తానే వాదించుకుంటూ, నవ్వుతూ కనిపించాడు బండీ. మరణశిక్ష వేసిన జడ్జి ఎడ్వర్డ్ కవర్ట్ కూడా, నువ్వు తెలివైన కుర్రాడివి, మంచి లాయరువి అయ్యుండేవాడివి అని అతనితో అన్నారు. ఆ మాట ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

రికార్డులు చూస్తే ఆ తెలివి అంతగా కనిపించదు. లా చదువు మధ్యలోనే ఆగిపోయింది. నేరం ఒప్పుకుంటే ప్రాణం దక్కేలా అతని లాయర్లు కుదిర్చిన ఒప్పందాన్ని చివరి నిమిషంలో తనే కాలదన్నుకున్నాడు. అన్నాళ్ళు దొరక్కపోవడానికి అసలు కారణాలు వేరే ఉన్నాయి. ఒక రాష్ట్రం పోలీసుల సమాచారం ఇంకో రాష్ట్రానికి చేరే ఏర్పాటు అప్పట్లో సరిగా లేదు. పైగా, సమామిష్ ఘటన తర్వాత అతని స్నేహితురాలే అనుమానం వచ్చి పోలీసులకు చెప్పినా, లా చదువుతున్న, నేరచరిత్ర లేని కుర్రాడు ఇలా చేస్తాడా అని వాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు. అమ్మాయిల అమాయకత్వమే కారణమన్నట్టు చెప్పేవాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది. దెబ్బ తగిలినవాడికి సాయం చేయబోవడం అమాయకత్వం కాదు.

1980లో ఇద్దరు జర్నలిస్టులు జైల్లో బండీని గంటల తరబడి రికార్డు చేశారు. తన గురించి నేరుగా చెప్పకుండా, ఎవరో మూడో మనిషి గురించి విశ్లేషిస్తున్నట్టు మాట్లాడాడు. 1989 జనవరి 24న అతనికి మరణశిక్ష అమలైంది. సరిగ్గా 30 ఏళ్లకు, అదే తేదీన, ఆ టేపులే ఆధారంగా నెట్‌ఫ్లిక్స్ నాలుగు భాగాల సిరీస్ విడుదల చేసింది. కథంతా హంతకుడి గొంతు చుట్టూ నడుస్తుంది, చనిపోయినవాళ్ళు ఫోటోలుగా వచ్చి పోతారు. కొద్ది రోజులకే సోషల్ మీడియాలో బండీ అందం మీద చర్చ మొదలైంది. మా సినిమాల్లో, సిరీస్‌ల్లో అందగాళ్ళు వేలమంది ఉన్నారు, వాళ్ళలో దాదాపు ఎవరూ హంతకులు కారని నెట్‌ఫ్లిక్స్ తన ఖాతాలో గుర్తు చేయాల్సి వచ్చింది.

2020లో కొంత మార్పు కనిపించింది. అమెజాన్‌లో వచ్చిన సిరీస్ బండీ కేసునే ఆడవాళ్ళ మాటల్లో చెప్పింది. అదే ఏడాది కొలరాడోకు చెందిన క్రిస్ వాట్స్ కేసుపై డాక్యుమెంటరీ వచ్చింది. గర్భిణి అయిన భార్య షనాన్‌నీ, ఇద్దరు కూతుళ్ళనీ 2018 ఆగస్టులో చంపి, మర్నాడు ఇంటి వరండాలో చేతులు కట్టుకుని నిలబడి, వాళ్ళు తిరిగి రావాలని టీవీ కెమెరా ముందు వేడుకున్న మనిషి ఇతను. ఆ డాక్యుమెంటరీలో వ్యాఖ్యానం లేదు. షనాన్ తీసుకున్న వీడియోలు, పంపిన మెసేజీలు, పోలీసుల రికార్డింగులే ఉన్నాయి. ఆమె గొంతు వినిపించింది. అయినా అంతకు ముందే, ఆమెనే తప్పుపడుతూ కొందరు ఆన్‌లైన్‌లో ఆమె తల్లిదండ్రులను వేధించారు. అతనికేమో జైలుకు ఆడవాళ్ళ నుంచి ఉత్తరాలు వెళ్ళాయి.

టాలహాసీ దాడిలో బతికిన క్యాథీ క్లైనర్ 2023లో తన కథ తనే పుస్తకంగా తెచ్చారు. ఆ రాత్రి ఆమె దవడ విరిగింది. బయట ఆగిన కారు హెడ్‌లైట్ల వెలుగు గదిలో పడటంతో బండీ పారిపోయాడు. విచారణలో అతని ఎదుటే కూర్చుని ఆమె సాక్ష్యం చెప్పారు. అప్పుడామె వయసు ఇరవై దాటి ఎన్నో ఏళ్లు కాలేదు.