అడిగి తీసుకునే దొంగతనం: ధర్మారం నుంచి ఏపీకే ఫైళ్ల దాకా

2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారానికి చెందిన ఒక సిమ్ కార్డుల వ్యాపారిని పోలీసులు అరెస్టు చేసినప్పుడు బయటపడిన పద్ధతి చాలామందిని నివ్వెరపరచింది. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులోని భూముల దస్తావేజుల నుంచి ఆధార్ నంబర్లు, వేలిముద్రలు సేకరించి, రబ్బరు స్టాంపులు చేసే యంత్రంతో ఆ ముద్రలకు అచ్చులు తీసి, వాటిని వేలిముద్రల పరికరం మీద ఒత్తి అతడు వేల సిమ్ కార్డులను యాక్టివేట్ చేశాడు. అమ్మకాల టార్గెట్ చేరుకోవడానికే ఇదంతా చేసినట్టు దర్యాప్తులో తేలింది. భూమి అమ్ముకునేటప్పుడు సబ్ రిజిస్ట్రార్ ముందు సిరా అద్ది వేసిన ముద్ర, ఆ మనిషికి తెలియకుండానే అతని పేరిట కొత్త ఫోన్ నంబర్లు పుట్టించింది.

ఈ ఉదంతంలో ఎవరూ ఎవరికీ ఫోన్ చేయలేదు, మాయమాటలు చెప్పలేదు. అయినా గుర్తింపు చోరీ చరిత్రను ఇక్కడి నుంచి చూడటమే సరైనదని నా అభిప్రాయం. ఎందుకంటే మాటలతో చేసే మోసం ఎప్పుడూ వట్టి చేతులతో మొదలవదు. ఎక్కడో జారిపోయిన సగం సమాచారం చేతిలో పెట్టుకొని, మిగతా సగం మన నోటి నుంచే రాబట్టడం దాని పని.

ఆ పని పాతదే. 1990ల మధ్యలో ‘అమెరికా ఆన్‌లైన్’ అనే ఇంటర్నెట్ సంస్థ ఉద్యోగులమని చెప్పుకొంటూ ఖాతాదారులకు సందేశాలు పంపి పాస్‌వర్డులు అడిగిన కుర్రాళ్ల వ్యవహారం నుంచే ‘ఫిషింగ్’ అనే మాట వాడుకలోకి వచ్చింది. ఎర వేసి గాలానికి చిక్కించుకోవడమని దాని భావం. 1995లో అరెస్టయిన హ్యాకర్ కెవిన్ మిట్నిక్ విడుదలయ్యాక 2000లో అమెరికా సెనేట్ కమిటీ ముందు హాజరై, ఉద్యోగులను మాటల్లో పెట్టి సమాచారం రాబట్టడంలో తాను ఎంతగా నెగ్గానంటే సాంకేతిక దాడి అవసరం అరుదుగానే వచ్చేదని వివరించాడు. సోషల్ ఇంజినీరింగ్ అంటే ఇదే.

మన దగ్గర ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు అదనపు ధ్రువీకరణ తప్పనిసరి చేస్తూ రిజర్వు బ్యాంకు 2009లో నిబంధన తెచ్చాక, కార్డు వివరాలు ఒక్కటే దొంగకు సరిపోకుండా పోయాయి. దాంతో ఓటీపీ అడిగే ఫోన్లు మొదలయ్యాయి. 2016లో యూపీఐ రావడం, అదే ఏడాది నవంబరులో పెద్ద నోట్లు రద్దు కావడంతో, అంతవరకు బ్యాంకు గడప తొక్కి విత్‌డ్రాయల్ ఫారం నింపించుకున్నవారు కూడా ఫోన్‌లో డబ్బు పంపడం నేర్చుకోవలసి వచ్చింది.

ఓటీపీ అడిగే ఆ ఫోన్ కాల్ ఎలా ఉంటుందో గమనించండి. “పెద్దాయనా, మీది పరకాల దగ్గరి ఊరే కదా? ఆధార్ చివరి నాలుగు అంకెలు ఇవే కదా? కేవైసీ కాకపోతే రైతు పైసలు ఆగిపోతయి, ఇప్పుడొచ్చిన నంబరు చెప్పండి చాలు.” ఊరు సరిగ్గా చెప్పాడు, అంకెలు సరిగ్గా చెప్పాడు, అంత తెలిసినవాడు బ్యాంకువాడే అయి ఉంటాడని వినేవారు అనుకుంటారు. ఇప్పుడు ఆ నంబరు చెప్పించే శ్రమ కూడా తగ్గింది. పీఎం కిసాన్ పేరుతోనో ట్రాఫిక్ చలాన్ పేరుతోనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలును, అంటే ఫోన్‌లో యాప్‌ను నేరుగా ఎక్కించే ఫైలును, నొక్కి ఇన్‌స్టాల్ చేసి, అడిగిన అనుమతులన్నీ ఇస్తే, ఫోన్‌కు వచ్చే మెసేజ్‌లను అదే చదివి అవతలివాడికి చేరవేస్తుంది.

చట్టం లేకపోలేదు. ఐటీ చట్టానికి 2008లో చేసిన సవరణతో వచ్చి 2009 అక్టోబరు 27 నుంచి అమలవుతున్న 66సీ సెక్షన్ గుర్తింపు చోరీని, 66డీ కంప్యూటర్ సాయంతో వేరొకరిలా నటించి చేసే మోసాన్ని నేరాలుగా పేర్కొన్నాయి. రెండింటికీ మూడేళ్ల వరకు జైలుశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంటాయి. అయితే 2017లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఖాతాదారు తానే వివరాలు చెప్పి నష్టపోతే, బ్యాంకుకు తెలిపే వరకు జరిగిన నష్టం అతనిదే. మాటల మాయలో చెప్పిన అంకెను నిర్లక్ష్యం కింద జమకట్టడం నాకు న్యాయంగా తోచదు.

అవతలి గొంతు కూడా ఒక్కోసారి మన ప్రాంతందే కావచ్చు. గల్ఫ్ వలసలకు అలవాటుపడిన ఉత్తర తెలంగాణ జిల్లాల యువకులు కొందరు డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి కంబోడియా, మయన్మార్‌లకు వెళ్లి, పాస్‌పోర్టు లాక్కోబడి, ఇవే మోసాలు చేయవలసి వచ్చింది.

మోసపోయినవారి ఫిర్యాదుకు 1930 నంబరు ఉంది. మన పేరిట ఎన్ని సిమ్‌లు ఉన్నాయో 2023లో వచ్చిన సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకోవచ్చు. ధర్మారం తరహా మోసానికి విరుగుడుగా ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ కూడా ఉంది. కానీ రేషన్ షాపులో వేలు పెట్టి బియ్యం తెచ్చుకునే ముసలమ్మ ఆ లాక్ వేసుకుంటే, బియ్యానికి వెళ్లిన ప్రతిసారీ దాన్ని విప్పుకోవాలి. అందుకు ఓటీపీ కావాలి. అది వచ్చే ఫోన్ చాలా ఇళ్లలో దుబాయ్‌లోనో భివండీలోనో పనిచేస్తున్న కొడుకు జేబులో ఉంటుంది.