ఏడు గీతల కాగితం వెనక కథ

భూపాలపల్లి వైపు ఒక పంప్‌హౌస్ పనిలో ప్లానింగ్ చూసుకునే రోజుల్లో నెలకోసారి హనుమకొండలో రివ్యూ ఉండేది. ముందురోజు రాత్రి మా మేనేజర్ గారు ఫోన్ చేసి "ఒక్క పేజీ చాలు, ఏడెనిమిది గీతలు మించొద్దు, పెద్దసార్లు అంతకంటే చూడరు" అనేవారు. అలాగే ఇచ్చేవాణ్ని: ఒక్కో పెద్ద పనికి మొదలయ్యే తేదీ నుంచి ముగిసే తేదీ దాకా ఒక్కో అడ్డగీత, పక్కన ఎంత శాతం అయిందో. ఒక నెల అందులో సివిల్ పనులు 70 శాతం అని ఉంది. తవ్వకం, రాఫ్ట్ (పునాది కాంక్రీట్ పలక), గోడలు అయిపోయాయి కాబట్టి అంకె అబద్ధమేమీ కాదు. కానీ అదే రోజు సైట్‌లో ఫోర్‌మన్ "క్రేన్ బీముల ఇన్సర్ట్ ప్లేట్లు రాలే, కాంక్రీట్ ఎట్ల పోయాలె సార్" అని అడుగుతున్నాడు. కాంక్రీట్‌లో ముందే బిగించాల్సిన ఆ ఇనుప ప్లేట్లు లేకపోతే క్రేన్ లేదు, క్రేన్ లేకపోతే మోటార్ దిగదు.

ఆ పేజీలో ఇది ఎందుకు కనిపించదంటే, షెడ్యూల్ వేసే సాఫ్ట్‌వేర్ పై గీతను, అంటే కింది చిన్న పనులన్నిటినీ కలిపి చూపే గీతను, గీసే పద్ధతే అలాంటిది. కింది పనుల్లో అన్నిటికంటే ముందు మొదలయ్యే తేదీ, అన్నిటికంటే చివర ముగిసే తేదీ తీసుకుని రెంటి మధ్య గీత గీసేస్తుంది, మధ్యలో రెండు నెలలు ఒక్క మనిషి పనిచేయకపోయినా ఆ గీత మామూలుగా తెగదు. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో శాతం కూడా రోజుల లెక్కనే వస్తుంది. 90 రోజుల తవ్వకం దాన్ని పైకి లాగేస్తుంది, 5 రోజుల ప్లేట్ల పని ఆ లెక్కలో ఎక్కడా తేలదు.

మొదట్లో ఈ గీతలు పెద్దసార్ల కోసం పుట్టినవి కావు. పోలండ్‌లో కరోల్ ఆడమియెట్స్కీ 1896లోనే ఇలాంటి పటం తయారుచేశాడు. అమెరికాలో హెన్రీ గాంట్ 1910ల నాటికి గీసిన చార్టుల్లో ఏ మనిషి, ఏ మెషీన్ ఏ రోజు ఎంత పని చేసిందో ఉండేది, అంటే అవి షాప్‌లో నిలబడి పని చేయించేవాడి కాగితాలు. వాటిలో ఒక పని ఆగితే ఇంకేది ఆగుతుందో మాత్రం సరిగా తెలిసేది కాదు. ఆ లోటు తీర్చడానికే 1957లో డ్యూపాంట్, రెమింగ్టన్ రాండ్ కంపెనీలవాళ్లు క్రిటికల్ పాత్ పద్ధతి, 1958లో అమెరికా నేవీ పొలారిస్ క్షిపణి కోసం పెర్ట్ పద్ధతి తెచ్చారు. రెండూ ఏ పని ఏ పని మీద ఆధారపడుతుందో వలలా గీసి, ఏది ఆలస్యమైతే మొత్తం ఆలస్యమవుతుందో చూపేవి.

నాకు ముఖ్యంగా అనిపించేది పొలారిస్ సంగతే. హార్వీ సపోల్‌స్కీ అనే పరిశోధకుడు 1972లో తేల్చిందేమిటంటే, పని నిజంగా నడిపినవాళ్లు పెర్ట్ మీద పెద్దగా ఆధారపడలేదు, అది ఎక్కువగా పైవాళ్లకు, బయటివాళ్లకు నమ్మకం కలిగించడానికి పనికొచ్చింది. అంటే చూపించే షెడ్యూల్, పనిచేసే షెడ్యూల్ అప్పుడే విడిపోయాయి.

వందల పనుల వల పైవాళ్లు చదవలేరు కాబట్టి తర్వాత షెడ్యూల్‌లో మెట్లు వచ్చాయి. రామగుండం వైపు ప్లాంట్లలో పనిచేసి వచ్చినవాళ్లను అడిగితే ఎల్-1, ఎల్-2, ఎల్-3 అంటారు, ఎల్-1 అంటే పైవాళ్లు చూసే కొద్ది గీతలు, ఎల్-3 అంటే కింది వివరాల షెడ్యూల్. ఎల్-3 లెక్క పైకి చేరి ఎల్-1 అవ్వాలి, పద్ధతి అది. ఎనభైలలో ప్రైమవెరా, మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ లాంటి షెడ్యూల్ సాఫ్ట్‌వేర్లు వచ్చాక కింది లైన్లు మూసేసి పై గీత ఒక్కటే ప్రింట్ తీయడం ఒక్క క్లిక్ పని అయింది. అక్కడితో ఆగినా బాగుండేది. నేను చూసిన పనుల్లో ముందు ప్రారంభోత్సవం తేదీ ఖాయం చేసి, దానికి సరిపడా ఏడు గీతలు గీసి, ఆమోదం అయ్యాక వివరాలు వాటిలో ఇరికించడం మొదలైంది. అలాంటప్పుడు భూసేకరణ, రైల్వే క్రాసింగ్ అనుమతి లాంటివి ఏ గీతలోనూ పడవు, పని ఆగేది మాత్రం ఎక్కువగా అక్కడే.

తర్వాతి రివ్యూకు ఏడు గీతలతోపాటు ఇంకో కాగితం పట్టుకెళ్లాను. మోటార్ దిగే తేదీని ఆ నెలలో ఆపగల పనులు మాత్రమే, వరసగా, పన్నెండు లైన్లు. పెద్దసార్ మొదటి కాగితం పక్కన పెట్టి, మూడో లైన్ మీద వేలు పెట్టి "ఈ ప్లేట్లు ఎవరి దగ్గర ఆగినయి?" అని అడిగి, మా ముందే ఆ వర్క్‌షాప్‌కు ఫోన్ చేశారు. పదకొండో రోజు లారీ సైట్‌కు వచ్చింది.