అక్కర్లేని పనులు పిల్లలు ఎందుకు నేర్చుకుంటారు?

ఈమధ్య ఒక తల్లి నన్ను అడిగారు. వాళ్ల అబ్బాయికి పదహారేళ్లు. "అబద్ధం ఆడకూడదని, ఎవరైనా మాట్లాడుతుంటే వినాలని చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉన్నామండీ. ఇప్పుడు చూస్తే వాడిలో ఒక్కటీ కనబడట్లేదు. ఇది మా పెంపకంలో లోపమా, ఫోన్ చేసిన పనా, స్నేహితులా? ఇంక ఇప్పుడు మేం చేయగలిగింది ఏమైనా ఉందా?" ఆవిడ టెన్షన్ చూసి అక్కడికక్కడే ఏదో ఒక మాట చెప్పి పంపించాలనిపించలేదు. అందుకే ఇంత పెద్దగా రాస్తున్నాను.

విలువలంటే ఏమిటి, అవి ఎన్ని రకాలు అనే నిర్వచనాల జోలికి నేను వెళ్లను. అవి మనిషి లోపలికి ఏ దారిలో వెళ్తాయన్నదే నన్ను ఏళ్లుగా పట్టుకున్న ప్రశ్న. దానికి ముందు ఒక పెట్టె గురించి చెప్పాలి.

విక్టోరియా హార్నర్, ఆండ్రూ వైటెన్ అనే ఇద్దరు పరిశోధకులు 2005లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. పెట్టె లోపల తినేదో, ఆడుకునేదో ఒక బహుమతి ఉంటుంది. పెట్టె పైన ఒక రంధ్రం, దానికి గడియలు. ముందువైపు చిన్న తలుపు. ఒక మనిషి వచ్చి పైనున్న గడియలు తీసి, కడ్డీతో ఆ రంధ్రంలో పొడిచి, ఆ తర్వాత ముందు తలుపు తెరిచి అదే కడ్డీతో బహుమతి బయటికి లాగుతాడు. అసలు సంగతేమిటంటే పైన పొడవడం పూర్తిగా దండగ. రంధ్రం కింద అడ్డంగా ఒక పలక ఉంది, కడ్డీ దాన్ని దాటి కిందికి పోదు. పెట్టె నల్లగా ఉంటే ఇది తెలియదు, అద్దంలా ఉంటే కళ్లకు కనబడుతుంది.

ఉగాండాలో ఎన్‌గాంబా అనే దీవి మీద, అనాథ చింపాంజీల శరణాలయంలో దీన్ని చింపాంజీలకు చూపించారు. నల్ల పెట్టెతో అవి మనిషి చేసినవన్నీ చేశాయి. అద్దం పెట్టె ఇవ్వగానే పైన పొడవడం మానేసి నేరుగా తలుపు దగ్గరికి వెళ్లాయి. మూడు నాలుగేళ్ల మనిషి పిల్లలకు అదే అద్దం పెట్టె ఇచ్చారు. లోపల పలక కనబడుతూనే ఉంది, అయినా గడియలు తీశారు, పైన పొడిచారు, ఆ తర్వాతే తలుపు తెరిచారు. ఒక్క మెట్టు కూడా వదల్లేదు.

చింపాంజీ తెలివిగా, మన పిల్లలు తెలివితక్కువగా ప్రవర్తించారని ఎవరికైనా అనిపిస్తుంది. చాలామంది పరిశోధకులకీ అలాగే అనిపించి రకరకాలుగా పరీక్షించారు. 2007లో యేల్ విశ్వవిద్యాలయంలో, ఏది పనికొచ్చే పని, ఏది పిచ్చి పని అని పిల్లలకు ముందే తర్ఫీదు ఇచ్చి, పిచ్చి పనులు చేయొద్దని చెప్పి మరీ చూశారు. అయినా చేశారు. ఆఫ్రికాలో కలహారి ఎడారి ప్రాంతపు బుష్‌మెన్ సమాజాల పిల్లలు, ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ నగరపు పిల్లలు ఈ విషయంలో ఒక్కలాగే ఉన్నారని 2010లో తేలింది. మనకు దగ్గరి చుట్టమైన బొనొబో అనే వానరం మాత్రం ఇలా చేయదు. ఇంకో సంగతి, వయసు పెరిగితే ఈ గుణం పోతుందనుకుంటాం కదా, 2011 నాటి ఒక ప్రయోగంలో చిన్నపిల్లల కంటే పెద్దవాళ్లే దండగ పనుల్ని మరింత నిక్కచ్చిగా అనుకరించారు.

దీన్ని అతి అనుకరణ అంటారు. కారణం తెలియకపోయినా, పనికిరాదని తెలిసినా, నమ్మకం ఉన్న మనిషి చేసినదాన్ని చేసినట్టే చేయడం.

ఇలాంటి గుణం మనకెందుకు మిగిలింది? అమెజాన్ అడవుల్లో చేదు కర్రపెండలం తినే జనం ఉన్నారు. ఆ దుంపలో సైనైడ్‌ని పుట్టించే పదార్థం ఉంటుంది. కొలంబియా వైపు తుకానో అనే తెగ స్త్రీలు దాని తోలు గీకి, కోరి, కడిగి, పిండి, పీచునీ పిండినీ నీళ్లనీ వేరుచేసి, నీళ్లని మరిగించి, మిగతాదాన్ని రెండు రోజులు నిలవ ఉంచి, అప్పుడు కాల్చి తింటారు. ఇందులో చాలా మెట్లు చూడ్డానికి దండగే. ఉడకబెడితే చేదు పోతుంది, అప్పటికప్పుడు వచ్చే కడుపునొప్పీ పోతుంది. తెలివైన పిల్ల ఒకతె "ఉడకబెడితే చాలుగా, ఇంత చాకిరీ ఎందుకమ్మా" అని మెట్లు తగ్గించిందనుకోండి. ఏళ్ల తరబడి ఆ ఇంట్లో ఎవరికీ ఏమీ కాదు. కొద్దికొద్దిగా చేరిన విషం ఎప్పటికో నరాలనీ గొంతు గ్రంథినీ దెబ్బతీస్తుంది. అప్పుడు దానికి దుంపే కారణమని ఎవరికీ తట్టదు. పోర్చుగీసువాళ్లు కర్రపెండలాన్ని ఆఫ్రికాకి తీసుకెళ్లారు గానీ దాన్ని వండే పద్ధతిని పూర్తిగా తీసుకెళ్లలేదు. ఆ దుంప వల్ల అక్కడ ఇప్పటికీ కొన్నిచోట్ల కాళ్లు చచ్చుబడే జబ్బు కనబడుతుంది.

అంటే ప్రతి మెట్టుకీ కారణం అడిగి, అర్థమైనది మాత్రమే ఉంచుకునే బుద్ధి కంటే, అర్థంకాకపోయినా మొత్తం దించుకునే బుద్ధే ఆ అడవిలో పిల్లల్ని బతికించింది. ఇదే గుణం మూఢనమ్మకాన్ని కూడా కాపాడుతుంది, ఎందుకంటే విషం తీసే మెట్టునీ ఉత్త భయం వల్ల చేరిన మెట్టునీ లోపల నుంచి చూసే పిల్లవాడు వేరు చేయలేడు. మూఢనమ్మకాలున్న వాళ్లని బుద్ధిలేనివాళ్లని తిట్టడం నాకు అందుకే నచ్చదు. వాళ్లు వాడుతున్నది మనందరి దగ్గరా ఉన్న పనిముట్టే. దాన్ని ఎక్కడ ఆపాలో బళ్లో నేర్పాలి, ప్రయోగం చేయించి, ఈ మెట్టు తీసేస్తే ఏమవుతుందో పిల్లల చేత చూపించి. ఆ పని మనం చాలా తక్కువ చేస్తున్నాం.

అనుకరణ ఒకటే అయితే అది అలవాటు దగ్గర ఆగిపోయేది. విలువ కావాలంటే ఇంకో మలుపు ఉంది. జర్మనీలో మైకేల్ టోమసెల్లో బృందం 2016లో ఒక చిన్న ప్రయోగం ప్రచురించింది. ఒక పెద్దావిడ సంచిలోంచి ఏవో వస్తువులు తీసి, పిల్లల వైపు చూడకుండా, ఏమీ నేర్పకుండా, తన పాటికి తను వాటితో ఏదో చేస్తుంది. ఒక్కసారే. తర్వాత ఒక కీలుబొమ్మ వచ్చి ఆ వస్తువులతో ఇంకోలా చేస్తుంది. మూడేళ్ల పిల్లలు "కాదు, అలా చేయకూడదు" అని ఆ బొమ్మకి అడ్డం చెప్పారు. ఎవరూ నియమం పెట్టలేదు. ఒక్కసారి చూసినది వాళ్ల మనసులో "ఇలా చేశారు" నుంచి "ఇలాగే చేయాలి"కి మారిపోయింది. ఆ పెద్దావిడ పొరపాటున చేసినట్టు కనబడితే మాత్రం ఆ మార్పు అంతగా జరగలేదు, అంటే పిల్లలు ఉద్దేశాన్ని కూడా చదువుతున్నారు. నాకు తెలిసిన మనస్తత్వశాస్త్రంలో ఇంత చిన్న ప్రయోగం ఇంత పెద్ద విషయం చెప్పడం అరుదు.

మా మేనకోడలి కూతురికి మూడేళ్లు. ఒకరోజు చెక్కముక్క ఒకటి చెవి దగ్గర పెట్టుకుని గదిలో అటూ ఇటూ తిరుగుతోంది. "ఊఁ... ఊఁ... చెప్పు" అంటోంది. వాళ్లమ్మ పిలిచింది. పాప ఆవిడ వైపు తిరగకుండానే అరచెయ్యి ఎత్తి "ఆగు" అన్నట్టు చూపించింది. ఆ చెయ్యి వాళ్ల నాన్నది. వేళ్లు విడదీసి పెట్టడం, మణికట్టు కొద్దిగా వంచడం, అచ్చం ఆయనే. చెక్కముక్కలో ఎవరూ లేరని పాపకి తెలుసు. కానీ ఎదురుగా ఉన్న మనిషి ఆగవచ్చు, చెవి దగ్గరున్న మనిషి ఆగకూడదు అన్నది మాత్రం ఆ పిల్లకి వచ్చేసింది. ఇంట్లో ఎవరూ అలా చెప్పలేదు. ఎవరైనా మాట్లాడుతుంటే వినాలనే చెప్పారు.

చెప్పింది ఒకటి, చేసింది ఒకటి అయితే పిల్లలు ఏం తీసుకుంటారో 1970లో బ్రయాన్, వాల్‌బెక్ అనే ఇద్దరు పరీక్షించారు. ఆటలో గెలిచినదాంట్లో కొంత పేద పిల్లలకి ఇవ్వాలని చెప్పి ఇవ్వని పెద్దవాళ్లని కొందరు పిల్లలు చూశారు, ఇవ్వక్కర్లేదని చెప్పి ఇచ్చినవాళ్లని కొందరు చూశారు. పిల్లలు ఇచ్చారా లేదా అన్నది పెద్దవాళ్ల మాటని బట్టి కాదు, వాళ్ల చేతని బట్టి నడిచింది. మనం ఉపదేశం చేస్తే పిల్లలకి వచ్చేది ఉపదేశం చేయడమేమో అని అప్పట్నుంచీ నాకు భయం.

మాట నిలబెట్టుకోవడం గురించి ఇంకో ప్రయోగం ఉంది. 2013లో రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో 28 మంది పిల్లల్ని సగం సగం చేశారు. బొమ్మలు వేసుకోవడానికి మంచి సామాను తెస్తానని ఒక పెద్దమనిషి చెప్పి వెళ్తారు. ఒక సగానికి తెచ్చారు, ఇంకో సగానికి "సారీ, లేవు" అన్నారు. ఆ తర్వాత మార్ష్‌మాలో అనే తీపి ఒకటి ఇచ్చి, 15 నిమిషాలు తినకుండా ఆగితే రెండోది ఇస్తామన్నారు. మాట నిలబెట్టుకున్న పెద్దవాళ్లని చూసిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు, రెండో గుంపు 3 నిమిషాలే. ఆ 14 మందిలో చివరిదాకా ఆగింది ఒక్కరు. మనం నిగ్రహం అని పిలుస్తున్నదాంట్లో పెద్ద భాగం నమ్మకమే. "రేపు తీసుకెళ్తా" అన్న ప్రతి మాటనీ పిల్లలు లెక్క పెట్టుకుంటున్నారు.

ఇక ఫోన్, టీవీ. ఆల్బర్ట్ బండూరా గాలి బొమ్మ ప్రయోగం చాలామందికి తెలుసు, పెద్దవాళ్లు బొమ్మని కొడితే చూసిన పిల్లలూ కొట్టారని. అది 1961 నాటిది. నాకు దానికంటే 1965 నాటి ప్రయోగం ముఖ్యం. 66 మంది పిల్లలకి ఒక సినిమా చూపించారు. అందులో బొమ్మని కొట్టిన మనిషికి ఒక ముగింపులో మెప్పు, ఒకదాంట్లో శిక్ష, ఒకదాంట్లో ఏమీ లేదు. శిక్ష చూసిన పిల్లలు తక్కువ అనుకరించారు. ఇక్కడితో ఆగితే "చెడుకి శిక్ష చూపిస్తే చాలు" అనుకునేవాళ్లం. బండూరా ఆగలేదు. ఆ సినిమాలో ఏం చూశావో చేసి చూపిస్తే స్టిక్కర్లు, జ్యూస్ ఇస్తామన్నాడు. అంతే, మూడు గుంపుల మధ్య తేడా మాయమైంది. శిక్ష చూసిన పిల్లలకీ అన్నీ వచ్చు, బయటపెట్టలేదంతే. నేర్చుకోవడం వేరు, చేయడం వేరు. "మా వాడు చూస్తాడు గానీ అలా చేయడు" అనే మాట వినబడినప్పుడల్లా నాకు ఆ జ్యూస్ గ్లాసు గుర్తొస్తుంది.

తెర ఎక్కువగా మార్చేది మన అభిప్రాయాన్ని కాదు, లోకం ఎలా ఉందన్న మన అంచనాని. బ్రెజిల్‌లో ఒక ఛానల్‌లో 1965 నుంచి 1999 దాకా వచ్చిన 115 టీవీ సీరియళ్లని ఆర్థికవేత్తలు పరిశీలించారు. వాటిలో 50 ఏళ్లలోపు ముఖ్య స్త్రీ పాత్రల్లో 72 శాతం మందికి పిల్లల్లేరు, 21 శాతం మందికి ఒక్కరే. అదేమీ కుటుంబ నియంత్రణ ప్రచారం కాదు, కథకి పిల్లలు అడ్డం కాబట్టి లేరు. కానీ ఆ ఛానల్ అందిన ప్రాంతాల్లో స్త్రీలు తక్కువమందిని కన్నారు. రువాండాలో మారణకాండ జరిగిన పదేళ్లకి వచ్చిన, జాతుల మధ్య పగ పోయి సయోధ్య రావడం గురించిన ఒక రేడియో నాటకాన్ని ఏడాది పాటు వినిపించి ఎలిజబెత్ పాలక్ 2009లో ప్రచురించిన ఫలితం ఇంకా స్పష్టం. శ్రోతల సొంత నమ్మకాలు పెద్దగా మారలేదు. "మా వాళ్లు దీన్ని ఒప్పుకుంటారు" అన్న అంచనా మారింది, దాంతో ప్రవర్తన మారింది.

జన్యువుల వాటా లేదా అంటే ఉంది, తక్కువేమీ కాదు. యాభై ఏళ్ల కవలల పరిశోధనలన్నీ కలిపి 2015లో వేసిన లెక్కలో మనుషుల మధ్య తేడాల్లో సగటున 49 శాతం వారసత్వానికి వెళ్లింది. నేను రాస్తున్నదంతా మిగతా సగం గురించే.

స్నేహితుల విషయం త్వరగా చెబుతాను. వలస వెళ్లిన కుటుంబాల్లో పిల్లల యాస అమ్మానాన్నలది కాదు, తోటి పిల్లలది. 1930ల్లో థియోడోర్ న్యూకోంబ్ బెన్నింగ్టన్ అనే అమెరికన్ మహిళా కళాశాలలో చూసినదీ అదే. 1936 అధ్యక్ష ఎన్నికల్లో తమ ఇళ్లలో నచ్చిన అభ్యర్థి వైపు మొదటి సంవత్సరం విద్యార్థినుల్లో 62 శాతం ఉంటే, పై తరగతుల్లో 15 శాతమే. పాతికేళ్ల తర్వాత వెతికి కలిస్తే చాలామంది ఆ కళాశాల విలువల్లోనే ఉన్నారు. ముఖ్యంగా భర్త, స్నేహితులు కూడా అలాంటివాళ్లే అయినచోట.

కాబట్టి ఆ తల్లికి నా జవాబు ఇది. పదహారేళ్లకి ఆలస్యం అయిపోలేదమ్మా, బెన్నింగ్టన్ అమ్మాయిలు పద్దెనిమిది దాటాకే మారారు. మీ ఇంట్లో వాడు చూసినవీ ఎక్కడికీ పోలేదు, జ్యూస్ గ్లాసు రాని పిల్లల్లో ఉన్నట్టు లోపలే ఉన్నాయి. వాడి చుట్టూ ఉన్నవాళ్లు దేన్ని మెచ్చుకుంటున్నారో చూడండి, బయటికి వచ్చేది దాన్ని బట్టే. మీరు వాడికి ఇచ్చిన మాటల్లో నిలబెట్టుకోనివి ఉంటే వాటితో మొదలుపెట్టండి. కొత్తగా ఏమీ చెప్పక్కర్లేదు.

మా మేనకోడలి ఇంటికి పోయిన నెల మళ్లీ వెళ్లాను. చెక్కముక్క సంగతి నేను చెప్పాక పాప వాళ్ల నాన్న సాయంత్రం ఇంటికి రాగానే ఫోన్ అలమారలో పెట్టేస్తున్నాడట. పెట్టేముందు దాన్ని చొక్కా అంచుతో రెండుసార్లు తుడవడం ఆయనకి అలవాటు. ఆరోజు ఆయన వెనకే పాప కూడా వచ్చింది. చెక్కముక్కని గౌను అంచుతో రెండుసార్లు తుడిచి, మునివేళ్ల మీద నిలబడి, ఫోన్ పక్కన పెట్టింది.