గిల్టు వెనక ఉక్కు: వించెస్టర్ స్మారక తుపాకుల కథ

టెక్సాస్‌లో మా పక్కింటి పెద్దాయన ఒక ఆదివారం పొడవాటి అట్టపెట్టె తెచ్చి మా డైనింగ్ టేబుల్ మీద పెట్టారు. లోపల అమెరికా తుపాకుల కంపెనీ వించెస్టర్ చేసిన 'సెంటెన్నియల్ 66' రైఫిల్ ఉంది. 1966లో వాళ్ల నాన్నగారు కొన్నది. ఎనిమిది పలకల బ్యారెల్, దాని వెనక, లోపలి యంత్రాంగమంతా ఇమిడి ఉండే లోహపు పెట్టె, అంటే రిసీవర్, బంగారు పూతతో ధగధగలాడుతోంది. అరవై ఏళ్లు కావస్తున్నా ఎక్కడా ఒక్క మచ్చ లేదు. కింద ఉన్న లీవర్ లాగి చూద్దామని చెయ్యి పెట్టగానే ఆయన గబుక్కున ఆపేశారు. "వద్దు, ఒక్కసారి ఆడించినా గీత పడుతుంది. గీత పడితే రేటు పోతుంది" అన్నారు.

అంటే ఈ రైఫిల్ సరిగ్గా పనిచేస్తుందో లేదో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలుసుకునే ప్రయత్నం చేసిన క్షణం నుంచి దాని విలువ తగ్గడం మొదలవుతుంది. ఏదో ఒక సందర్భానికి గుర్తుగా చేసి 'కమెమొరేటివ్' అని పిలిచే ఈ స్మారక తుపాకులు నిజంగా మంచి తుపాకులా, లేక గోడకి తగిలించుకునే బొమ్మలా అని అమెరికాలో వేటగాళ్లకీ, సేకరించేవాళ్లకీ మధ్య ఎప్పటినుంచో వాదన నడుస్తోంది. దాని మూలాలు వెతుక్కుంటూ పోతే 1964 దగ్గర ఆగుతాం. అయితే అంతకంటే ముందు సంగతి ఒకటి చెప్పాలి.

ఇదే కంపెనీలో ఒకప్పుడు అలంకారం పరీక్ష తర్వాతే వచ్చేది. 1870లలో మోడల్ 1873 రైఫిళ్ల బ్యారెళ్లను ఫ్యాక్టరీలో కాల్చి చూసేవారు. గుళ్లన్నీ గురి మీద దగ్గర దగ్గరగా పడిన బ్యారెళ్లను పక్కకి తీసి, వాటికి సున్నితమైన ట్రిగ్గర్ బిగించి, ప్రత్యేకంగా మెరుగు పెట్టి, 'వెయ్యిలో ఒకటి' అని ఇంగ్లిష్‌లో చెక్కి 100 డాలర్లకు అమ్మారు. మొత్తం తయారైనవి 130 పైచిలుకు మాత్రమే. ఆ చెక్కడం ఒక సర్టిఫికెట్. ఈ బ్యారెల్ పరీక్షలో నెగ్గింది అని దాని అర్థం. నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇదే.

ఇంకా వెనక్కి వెళ్తే 1866 నాటి మొదటి వించెస్టర్ రైఫిల్ పసుపు రంగులో మెరిసేది. 'ఎల్లో బాయ్' అనే పేరు అందుకే వచ్చింది. ఆ పసుపు పైన పూసింది కాదు. రాగి కలిసిన మిశ్రమ లోహంతో రిసీవర్ చేశారు కాబట్టి లోహం రంగే అది. గీకినా లోపల అదే రంగు. వందేళ్ల తర్వాత దాని జ్ఞాపకంగా వచ్చిన సెంటెన్నియల్‌లో మాత్రం ఆ రంగు పూతగా మారింది.

తుపాకుల రూపకర్త జాన్ బ్రౌనింగ్ డిజైన్‌తో 1894లో వచ్చిన మోడల్ 94 అమెరికా పల్లెల్లో ఇంటింటి రైఫిల్ అయింది. థర్టీ-థర్టీ అనే రకం తూటాతో జింకల వేటకు దాన్ని మించింది లేదనేవారు. తేలిక, సన్నం, గుర్రం జీనుకి తగిలించుకోవచ్చు. పది లక్షలవ రైఫిల్‌ను 1927లో అధ్యక్షుడు కూలిడ్జ్‌కి, పదిహేను లక్షలవదాన్ని 1948లో ట్రూమన్‌కి, ఇరవై లక్షలవదాన్ని 1953లో ఐసెన్‌హోవర్‌కి బహూకరించారు. ఇవీ అలంకార తుపాకులే. కానీ ఒక్కోదాని వెనక జనం నిజంగా వాడి మెచ్చుకున్న లక్షల రైఫిళ్లున్నాయి.

ఆ తర్వాత ఖర్చుల సమస్య వచ్చి పడింది. పాత డిజైన్‌లో ఒక్కో భాగాన్నీ ఉక్కు దిమ్మ నుంచి మరపట్టి చెక్కి తీయాలి, పనితనం తెలిసిన మెకానిక్కులు గంటల తరబడి కూర్చోవాలి. జీతాలు పెరిగాయి, పోటీ పెరిగింది. 1931 నుంచి వించెస్టర్ ఓలిన్ అనే వ్యాపార కుటుంబం చేతిలో ఉండేది. చివరికి తయారీ విధానం మొత్తం మార్చేసి 1964లో కొత్త రైఫిళ్లు తెచ్చారు.

మార్పు ఎక్కడ తగిలిందో తెలియాలంటే లీవర్ రైఫిల్ ఎలా పనిచేస్తుందో చూడాలి. లీవర్ కిందికి లాగితే బ్యారెల్‌ను వెనకనుంచి మూసి ఉంచే బోల్ట్ అనే ఉక్కు కడ్డీ వెనక్కి జరిగి ఖాళీ తొడుగును బయటికి విసురుతుంది. బ్యారెల్ కింది గొట్టంలోంచి కొత్త తూటా వెనక్కి వచ్చి లిఫ్టర్ అనే చిన్న పలక మీద పడుతుంది. లిఫ్టర్ దాన్ని పైకెత్తి బ్యారెల్ నోటికి ఎదురుగా పెడుతుంది. లీవర్ మూయగానే బోల్ట్ దాన్ని లోపలికి తోస్తుంది. చలిలో, గ్లౌజులతో, ఎదురుగా జింక నిలబడి ఉన్నప్పుడు ఆ పలక తడబడకూడదు. పాత రైఫిల్‌లో అది గట్టి ఉక్కు ముక్క. 1964 నుంచి రేకును అచ్చులో కొట్టి వంచి పెట్టారు. గట్టి పిన్నుల స్థానంలో చుట్ట చుట్టిన బోలు పిన్నులు వచ్చాయి. రిసీవర్ లోహం కూడా మారింది. ఆ కొత్త లోహానికి మామూలు నల్ల-నీలి మెరుగు పట్టేది కాదు, ముందు వేరే పూత పూసి దాని మీద రంగు వేయాల్సి వచ్చేది. అరిగాక మళ్లీ మెరుగు పెట్టించుకుందామని పట్టుకెళ్తే రిపేరు చేసేవాళ్లు తల అడ్డంగా ఊపేవారు.

అదే ఏడాది వించెస్టర్ వారి ఇంకో వేట రైఫిల్ మోడల్ 70లో ఇంకా పెద్ద మార్పు జరిగింది. తూటాను మొదటినుంచీ పట్టుకుని నడిపించే పెద్ద కొక్కెం తీసేశారు. అడవిలో ప్రాణం దాని మీద పెట్టి తిరిగేవాళ్లకు అది మింగుడుపడలేదు. 1990లలో కంపెనీయే ఆ కొక్కేన్ని మళ్లీ తెచ్చింది. 1964కి ముందు తయారైనది అనే అర్థంలో 'ప్రీ-64' అనే మాట ఈ మార్పుల వల్లే పుట్టింది. ఇవాళ్టికీ పాత తుపాకుల ప్రకటనల్లో ఆ మాట కనిపిస్తే ధర ఒక మెట్టు పైనుంచే మొదలవుతుంది.

సరిగ్గా ఇదే సమయంలో స్మారక తుపాకుల ఊపు మొదలైంది. 1961లో కోల్ట్ కంపెనీ ఇలినాయ్‌లోని జెనిసియో అనే చిన్న ఊరు 125 ఏళ్ల పండగకి 104 బుల్లి పిస్టళ్లు చేసి దారి చూపింది. 1964లో వయోమింగ్ రాష్ట్ర వజ్రోత్సవం పేరుతో వించెస్టర్ 1,500 రైఫిళ్లు చేసింది. అవి వెంటనే అమ్ముడయ్యాయి. రెండేళ్లకు వచ్చిన సెంటెన్నియల్ 66 లక్ష దాటింది. 1968 నాటి బఫెలో బిల్ కూడా అంతే. కెనడా శతాబ్ది, థియోడర్ రూజ్‌వెల్ట్, 1981లో జాన్ వేన్, ఇలా వరస ఆగలేదు. పతకాలు, పూతలు, చెక్కడాలు మారాయి, లోపల మాత్రం అదే మోడల్ 94.

న్యాయంగా చెప్పాలంటే ఆ కాలపు రైఫిళ్లు పేలని తుపాకులేం కాదు. వాటితో వేలమంది ఏళ్ల తరబడి వేటాడారు. విమర్శలు విని కంపెనీ తర్వాతి ఏళ్లలో కొన్ని భాగాలు బాగుచేసింది కూడా. నా బాధల్లా ఒకటే. మామూలు రైఫిల్ కొన్నవాడు దాన్ని వాడాడు, లోపం కనిపెట్టాడు, గొడవ చేశాడు. స్మారక రైఫిల్ కొన్నవాడు పెట్టె మూసి బీరువాలో పెట్టాడు. అతని దగ్గర్నుంచి ఫిర్యాదు ఎలా వస్తుంది? మెరుగు పట్టని లోహం కూడా బంగారం కింద కనబడకుండా పోయింది.

పెట్టుబడి అని కొన్నవాళ్లకీ పెద్దగా కలిసిరాలేదు. లక్ష తయారైన వస్తువును లక్షమందీ జాగ్రత్తగా దాచుకుంటే అది అరుదైనది ఎప్పటికవుతుంది? పెట్టె, కాగితాలు, గీత పడని పూత, ఒక్కసారి కూడా కాల్చని బ్యారెల్, ఇవన్నీ ఉంటేనే చెప్పుకోదగ్గ ధర. 1980-81లో ఓలిన్ న్యూ హేవెన్ ఊళ్లోని వించెస్టర్ ఫ్యాక్టరీని ఉద్యోగులకు అమ్మేసింది. 2006లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది.

పక్కింటాయన దగ్గర ఇంకో మోడల్ 94 ఉంది, 1950లలో వాళ్ల తాతగారు కొన్నది. రిసీవర్ అడుగున, చేత్తో పట్టుకుని నడిచే చోట, నల్లటి మెరుగంతా అరిగి ఉక్కు వెండిలా తేలింది. భుజానికి ఆనించే చెక్క మీద ముళ్లకంప గీతలు. దాన్ని నా చేతికిచ్చి, ఖాళీగా ఉందో లేదో ముందు చూసుకోమని, "ఇప్పుడు లాగు" అన్నారు. లీవర్ కిందికి జారి, టక్కుమని మూసుకుంది. నవంబర్‌లో జింకల సీజన్ తెరిచినప్పుడు ఆయన తీసుకెళ్లేది ఆ రైఫిలే.