అడవి అవిసెను తుప్పు ఎందుకు తుడిచిపెట్టలేకపోయింది?

తుప్పు తెగులు సోకిన అవిసె (అవిసె గింజలు ఇచ్చే మొక్క, ఫ్లాక్స్) ఆకును వేలితో రుద్దితే నారింజ రంగు పొడి అంటుకుంటుంది. అదంతా తెగులు తెచ్చే శిలీంధ్రపు సిద్ధబీజాలే (అది వ్యాపించడానికి వదిలే సూక్ష్మ కణాలు). నిరోధక శక్తి గల మొక్కపై అవే పడితే, అవి చొచ్చుకుపోయిన చోట కణాలు చచ్చిపోయి చిన్న మచ్చ మిగులుతుంది, తెగులు అక్కడితో ఆగిపోతుంది. ఈ తేడాకు మూలం వెతుకుతూ అమెరికాలోని ఉత్తర డకోటాలో మొక్కల తెగుళ్ల శాస్త్రవేత్త హెరాల్డ్ హెన్రీ ఫ్లోర్ 1930ల నుంచి అటు అవిసెనూ ఇటు తుప్పునూ విడివిడిగా సంకరం చేసి చూశారు. మొక్కలోని ఒక్కో నిరోధక జన్యువుకు జోడుగా శిలీంధ్రంలోనూ ఒక జన్యువు ఉంటుందని, ఫలితం ఆ జోడీని బట్టే తేలుతుందని 1940లలో వెల్లడించారు.

ఫ్లోర్ చూసింది సాగు అవిసెను. పొలమంతా ఒకే రకం వేసినప్పుడు దాని నిరోధకతను ఛేదించగల తుప్పు జాతి (అదే శిలీంధ్రంలో ఒక రకం) ఒక్కటి పుట్టినా పంటంతా పోతుంది. మరి కొత్త వంగడాలు తెచ్చిపెట్టే వారెవరూ లేని అడవిలో, అన్ని నిరోధక జన్యువులనూ దాటగల జాతి ఒక్కటే ఎందుకు రాజ్యమేలడం లేదు?

ఈ ప్రశ్నకు జవాబు ఆస్ట్రేలియాలో దొరికింది. 1860 ప్రాంతంలో బంగారం కోసం జనం ఎగబడిన కియాండ్రా పరిసరాల్లో, ఇప్పుడు కోసియుస్కో జాతీయ ఉద్యానంలో భాగమైన ఆ కొండ మైదానాల్లో, శాస్త్రవేత్తలు జెరెమీ బర్డన్, పీటర్ త్రాల్ అడవి అవిసె గుంపులను ఏళ్ల తరబడి గమనించారు. కొన్ని గుంపులు దాదాపు ఏ తుప్పుకూ లొంగవు, కొన్ని అన్నిటికీ లొంగిపోతాయి. దాడి సామర్థ్యం ఎక్కువున్న జాతులు (ఎన్ని నిరోధక రకాలను దాటగలవన్నదే ఇక్కడ లెక్క, మన వ్యవసాయ అధికారులు చెప్పే ‘తెగులు ఉధృతి’ వేరు) నిరోధకత ఎక్కువున్న గుంపుల్లోనే కనిపించాయి. ఆ సామర్థ్యం ఊరికే రాదని 2003లో వారు చూపించారు: ఎక్కువ రకాలను దాటగల జాతులు తక్కువ సిద్ధబీజాలను పుట్టిస్తాయి. అందుకే సులువుగా లొంగే మొక్కలున్న చోట సాదా జాతులదే పైచేయి.

నాకైతే ఇంతకన్నా అక్కడి చలికాలమే ఆసక్తికరం. మొక్కలు వేరు వరకు ఎండిపోతాయి, తుప్పు అక్కడక్కడా మిగిలిన పచ్చటి కొమ్మల మీదే బతకాలి. చాలా గుంపుల్లో అది పూర్తిగా అంతరించి, మళ్లీ గాలివాటున పొరుగు నుంచి వస్తుంది. మరుసటి వేసవిలో ఏ జాతి పెరుగుతుందన్నది ఒక్కోసారి ఏ కొమ్మ ఎండకుండా నిలిచిందన్న దాని మీదే ఆధారపడుతుంది.